భాషకు పరీక్ష: ఎవరు పెడతారు, ఎందుకు పెడతారు?

భాష చెప్పేవాళ్ళం పరీక్షల గురించి మాట్లాడుకునేటప్పుడు సాధారణంగా రెండే సంగతులు వినిపిస్తాయి. ప్రశ్నపత్రం కష్టంగా వచ్చిందా, తేలికగా వచ్చిందా అన్నది మొదటిది. మార్కులు ధారాళంగా వేశారా, బిగబట్టి వేశారా అన్నది రెండోది. ఈ పరీక్షను దేనికోసం పెట్టారు, కొలుస్తానన్నదాన్నే అది కొలుస్తోందా అన్న మూడో ప్రశ్న మన స్టాఫ్ రూముల్లో పుట్టటం అరుదు. ఎనిమిదేళ్ళుగా డిగ్రీ విద్యార్థులకు తెలుగు చెబుతూ, ఏటా కట్టలకొద్దీ జవాబుపత్రాలు దిద్దుతూ వున్నవాణ్ణి గనక ఆ మూడో ప్రశ్నను ఇక్కడ వేసుకోదలిచాను. ప్రతి మార్కు వెనకా ఒక తీర్పు వుంటుంది. ఎవరి నోటి భాషకు మర్యాద వుంది, ఎవరి నోటి భాషకు లేదు అన్న తీర్పు అది. అందువల్ల ఈ విషయాన్ని పరీక్షల విభాగానికి వదిలిపెట్టి వూరుకోవటం అభ్యుదయ సాహిత్యం చదివేవాళ్ళకు తగదని నా అభిప్రాయం.

ముందుగా పరీక్షల్లో రకాలు ఏమిటో చూద్దాం. భాషాబోధనను శాస్త్రంగా అధ్యయనం చేసినవాళ్ళు వీటిని ప్రయోజనాన్ని బట్టి విభజిస్తారు. ఒక విద్యార్థిని ఏ తరగతిలో కూర్చోబెట్టాలో తేల్చుకోవటానికి పెట్టేది స్థాయి నిర్ణయ పరీక్ష. అతను ఎక్కడ తడబడుతున్నాడో, ఆ తడబాటుకు కారణం ఏమిటో కనుక్కోవటానికి పెట్టేది లోపనిర్ధారణ పరీక్ష. చెప్పిన పాఠం ఎంతవరకు వంటబట్టిందో చూసేది సాధన పరీక్ష. ఎక్కడ చదివాడు, ఏ పుస్తకం చదివాడు అన్నదానితో నిమిత్తం లేకుండా, ఫలానా పనికి చాలినంత భాష వచ్చునా రాదా అని చూసేది ప్రావీణ్య పరీక్ష. ఇవికాక, కొత్త భాష నేర్చుకునే శక్తి మనిషిలో ఎంత వుందో ముందుగానే అంచనా వేస్తామనే పరీక్షలు కూడా వున్నాయి. అమెరికాలో జాన్ కారోల్, స్టాన్లీ సాపన్ కలిసి 1959లో తయారుచేసినది వాటిలో పేరుపొందింది.

1963లో రాబర్ట్ గ్లేజర్ మరో తేడా ఎత్తి చూపించాడు. పదిమందిలో ఎవరు ముందు, ఎవరు వెనక అని వరసపెట్టే పరీక్ష ఒకటి. ముందే నిర్ణయించుకున్న పనిని ఎవరెవరు చెయ్యగలరో చూసే పరీక్ష మరొకటి. మొదటిదాంట్లో ఒకడు పైకి రావాలంటే ఇంకొకడు కిందికి పోవాలి. రెండోదాంట్లో తరగతి తరగతంతా నెగ్గవచ్చు. 1967లో మైకేల్ స్క్రివెన్ చెప్పింది కూడా ఇటువంటిదే. పని సాగుతూ వుండగా దాన్ని సరిదిద్దుకోవటానికి చేసే మూల్యాంకనం వేరు, పని ముగిశాక తీర్పు చెప్పటానికి చేసే మూల్యాంకనం వేరు అన్నాడాయన. మన బడుల్లో వినిపించే నిర్మాణాత్మకం, సంగ్రహణాత్మకం అనే మాటలు అక్కణ్ణుంచి వచ్చినవే.

ఈ పేర్లన్నీ కంఠస్థం చెయ్యనక్కర లేదు. నాడి చూసే వైద్యుడూ, కాటా పట్టుకున్న వ్యాపారీ, చెక్‌పోస్టు దగ్గర నిలబడ్డ జవానూ ముగ్గురూ పరీక్షే చేస్తారు. వైద్యుడు బాగుచెయ్యటానికి చూస్తాడు. వ్యాపారి ఖరీదు కట్టటానికి తూస్తాడు. జవాను వదలటానికో ఆపటానికో చూస్తాడు. మూడు పనులూ సమాజానికి అవసరమైనవే కావచ్చు. కాని జవాను తెల్లకోటు తొడుక్కుని వచ్చి నాడి చూస్తానంటే మాత్రం మనం జాగ్రత్తపడాలి. భాషా పరీక్షల చరిత్రలో ఈ వేషం చాలాసార్లు కనిపిస్తుంది.

దక్షిణాఫ్రికాలోని నేటాల్ వలసరాజ్యానికి 1860 నుంచీ మద్రాసు రేవు మీదుగా ఒప్పందపు కూలీలను ఓడల్లో తీసుకుపోయారు. వాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది వున్నారు. చెరకు తోటలో నడుం వంచటానికి నీకు ఏ భాష వచ్చునని వాళ్ళను ఎవరూ అడగలేదు. వాళ్ళ వెనక సొంతంగా వ్యాపారం చేసుకుని బతకటానికి భారతీయులు రావటం ఎక్కువైనాక, 1897లో అక్కడి ప్రభుత్వం వలస నిరోధక చట్టం చేసింది. ఆ నిబంధనలో జాతి పేరు లేదు, రంగు పేరు లేదు. వచ్చినవాడు ఐరోపా భాషల్లో ఏదో ఒకదానిలో దరఖాస్తు రాసి సంతకం పెట్టగలగాలి, అంతే! ఒప్పందపు కూలీలకు ఈ నిబంధన వర్తించదు. అంటే తల వంచుకుని వచ్చేవాడికి పరీక్ష లేదు. తలెత్తుకుని వచ్చేవాడికే పరీక్ష. బ్రిటిష్ వలసల మంత్రి జోసెఫ్ చేంబర్లేన్ ఆ సంవత్సరమే ఈ ఉపాయాన్ని మెచ్చుకుని తక్కిన వలసరాజ్యాలకు ఆదర్శంగా చూపించాడు.

1901లో ఆస్ట్రేలియా ఈ కత్తికి ఇంకా పదును పెట్టింది. అధికారి ఐరోపా భాషలో యాభై మాటల భాగం చదువుతాడు. వచ్చినవాడు విని రాయాలి. ఏ భాషలో చదవాలన్నది అధికారి ఇష్టం. ఇంగ్లీషు వచ్చినవాడు వస్తే మరో భాషలో చదవవచ్చు. 1909 తర్వాత ఈ పరీక్షలో ఒక్క మనిషి కూడా నెగ్గలేదు. 1934లో ప్రేగ్ నగరంలో పుట్టిన కమ్యూనిస్టు రచయిత ఎగాన్ ఎర్విన్ కిష్, యుద్ధ వ్యతిరేక మహాసభలో మాట్లాడటానికి అక్కడికి వెళ్ళాడు. ఆయనకు అనేక భాషలు వచ్చు. అందుకని వెతికి వెతికి స్కాట్లండు కొండప్రాంతపు గేలిక్ భాషలో డిక్టేషన్ పెట్టారు. చట్టం వుద్దేశించిన అర్థంలో అది ఐరోపా భాష కాదని అక్కడి హైకోర్టు తేల్చటంతో కిష్ బయటపడ్డాడు. పరీక్ష మాత్రం 1958 దాకా బతికే వుంది.

డిక్టేషన్ మన బడుల్లో నిరపాయమైన వ్యాయామం. పంతులు చదువుతాడు, పిల్లలు రాస్తారు, తప్పులు దిద్దుకుంటారు. ఆ వ్యాయామమే సిడ్నీ రేవులో మనిషిని వెనక్కి తోసే గునపం అయింది. కాబట్టి ఒక పరీక్ష రూపాన్ని చూసి దాన్ని మెచ్చటానికీ తెగడటానికీ వీల్లేదు. ఎవరు, ఎవరికి, ఏం చెయ్యటం కోసం పెడుతున్నారో చూస్తేనే దాని స్వభావం తెలుస్తుంది.

ఇక మన ఇంటి సంగతి చూద్దాం. వాడుకభాషా వుద్యమాన్ని మనం సాహిత్య వుద్యమంగా పాఠం చెబుతాం. దాని కీలక ఘట్టాలు కొన్ని పరీక్షల గురించి జరిగిన పోరాటాలన్న సంగతిని మాత్రం రెండు వాక్యాల్లో దాటిపోతాం. మద్రాసు విశ్వవిద్యాలయం ఇంటర్మీడియెట్‌లో దేశభాషా వ్యాసరచనను ప్రవేశపెట్టగానే, ఆ వ్యాసాన్ని ఏ తెలుగులో రాయాలి అన్న ప్రశ్న వచ్చిపడింది. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది. దానికి పెద్దగా నిలిచిన జయంతి రామయ్య పంతులుగారు 1913లో గ్రాంథికాన్ని సమర్థిస్తూ ఇంగ్లీషులో పుస్తకం అచ్చువేశారు. అదే సంవత్సరం గిడుగు రామమూర్తి పంతులుగారు ఆధునిక తెలుగును గురించిన తమ మెమొరాండాన్ని ప్రకటించారు. విశ్వవిద్యాలయం వేసిన వ్యాసరచన వుపసంఘంలో గురజాడ అప్పారావుగారి పక్షం వోడిపోయింది. ఆయన వూరుకోలేదు. 1914లో తన అసమ్మతిని సవిస్తరమైన పత్రంగా రాసి సమర్పించారు. మరుసటి సంవత్సరం నవంబరులో చనిపోయారు. విశ్వవిద్యాలయం గ్రాంథికం పక్షానే నిలిచింది.

కొంచెం ఆలోచించండి. “కన్యాశుల్కం” 1897లోనే అచ్చయింది. “ముత్యాల సరాలు” 1910లో వెలువడింది. కవి ఏ భాషలో రాసుకున్నా ఆపగలిగే శక్తి పండితులకు లేదు. వాళ్ళు కోటగా పట్టుకుని కూర్చున్నది కవిత్వాన్ని కాదు, పరీక్షను. పరీక్ష చేతిలో వుంటే పాఠ్యపుస్తకం చేతిలో వుంటుంది. పాఠ్యపుస్తకం చేతిలో వుంటే పంతులు చేతిలో వుంటాడు. పంతులు చేతిలో వుంటే రాబోయే తరం మంచి భాష అని దేన్ని అనుకోవాలో ముందే నిర్ణయమైపోతుంది. గురజాడ, గిడుగు ఈ సంగతి గ్రహించారు గనకనే పత్రికల్లో వాదించి వూరుకోక, విశ్వవిద్యాలయం తలుపు తట్టారు.

గిడుగువారు ఇంకో మంచి పని చేశారు. గ్రాంథికం రాస్తున్నామని చెప్పుకునే పండితుల పుస్తకాలనే తీసుకుని, వాళ్ళ వ్యాకరణం ప్రకారమే వాటిలో వున్న తప్పులను జాబితాలు కట్టి చూపించారు. “ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం” అటువంటి పనే. పరీక్ష పెట్టేవాడు తానే నెగ్గలేని పరీక్షను పసివాడికి పెడుతున్నాడన్నమాట! ఇదే గిడుగువారు పర్లాకిమిడి కొండల్లోని సవరలకు చదువు చెప్పదలుచుకుని, ముందు తానే సవర భాష నేర్చుకున్నారు. 1931లో ఆ భాషకు వ్యాకరణ గ్రంథం వెలువరించారు. చదువు చెప్పేవాడు ముందు నాడి పట్టుకోవాలన్న న్యాయానికి మన దేశంలో ఇంతకంటె గొప్ప వుదాహరణ నాకు తెలియదు.

ఈనాడు గ్రాంథికంలో జవాబు రాయమనే పరీక్షకుడు లేడు. అంతమాత్రం చేత చెక్‌పోస్టు ఎత్తేశారని అనుకోకూడదు. అది ఇంకో చోటికి జరిగింది. జవాబుపత్రాలు దిద్దే గదిలో ఒకసారి నా పక్క బల్ల దగ్గర చిన్న వివాదం వచ్చింది. ఒక కథలో తల్లి పడే కష్టాన్ని రచయిత ఎట్లా చిత్రించాడో వివరించమన్నది ప్రశ్న. విద్యార్థి బాగానే వివరించాడు. “పొద్దు పొడవకముందే కైకిలికి పోయింది” అని రాశాడు. దిద్దుతున్నాయన కైకిలి కింద ఎర్రగీత గీసి, పక్కన గ్రామ్యం అని రాసి మార్కు కోసేశాడు. కూలికి పోయింది అని వుంటే కోసేవాడు కాదు. “కైకిలి అన్న మాట తెలంగాణా కథకుల కథల్లో వస్తే మనం మాండలిక సౌందర్యం అని నోట్సు చెబుతున్నాం కదండీ, మరి ఆ సౌందర్యం విద్యార్థి కలంలోకి వచ్చేసరికి గ్రామ్యం ఎట్లా అయింది?” అని అడిగాను. “రచయిత వేరు మాస్టారూ, విద్యార్థి వేరు” అన్నాడాయన. ఆయన చెడ్డవాడు కాదు. చాలామందిమి మనసులో అనుకునేదాన్ని ఆయన నోరు విడిచి చెప్పాడు.

ఆ మాటలోనే అసలు విషయం వుంది. ఆ ప్రశ్న కొలవవలసింది కథను అర్థం చేసుకున్న తీరును. దిద్దినాయన కొలిచింది విద్యార్థి పుట్టిన వూరిని. ఒకటి కొలుస్తానని చెప్పి మరొకటి కొలిచే పరీక్షను పరీక్షాశాస్త్రం ప్రామాణ్యం లేని పరీక్ష అంటుంది. మామూలు మాటల్లో చెప్పాలంటే అది దొంగ తూకం. ఈ తూకంలో నష్టపోయేది ఎవరో వేరే చెప్పనక్కర లేదు. ఇంట్లో అమ్మా నాన్నా పుస్తకాల భాషే మాట్లాడే కుటుంబంలో పుట్టినవాడికి ఆ మార్కు పుట్టుకతోనే దొరుకుతుంది. మహబూబ్‌నగర్ పల్లె నుంచో, శ్రీకాకుళం పల్లె నుంచో, అనంతపురం పల్లె నుంచో మొదటిసారి కాలేజీ మెట్టెక్కినవాడు దాన్ని ఎర్రసిరా దెబ్బలు తిని సంపాదించుకోవాలి.

అట్లాగని ప్రమాణభాష అక్కర లేదని నేను అనటం లేదు. కూలివాడి బిడ్డకు వాడి భాషే చాలునని చెప్పి, కోర్టు భాషా పత్రికల భాషా పైవాళ్ళకు వదిలిపెట్టటం అభ్యుదయం కాదు, మోసం. నలుగురికీ అర్థమయ్యే రాతభాషను ప్రతి విద్యార్థికీ నేర్పాలి. అది వచ్చిందో లేదో చూడాలి కూడా. అయితే దానికి వేరే ప్రశ్న పెట్టండి. ఈ ప్రశ్నలో పత్రికా భాషలో రాయటం చూస్తాం అని ముందే చెప్పండి. చెప్పి నేర్పండి, నేర్పి అడగండి. కథను గురించి అడిగిన ప్రశ్నలో చాటుగా ప్రాంతం మీద పన్ను వెయ్యకండి.

మన ప్రశ్నపత్రాల్లో ఇంతకంటె పెద్ద రోగం ఇంకొకటి వుంది. ప్రతిపదార్థం, సందర్భవాక్యాలు, సంధులు, సమాసాలు, కవి పరిచయం, పాఠ్యభాగ సారాంశం అని మనం పెట్టే ప్రశ్నలన్నీ సాధన పరీక్ష కిందికి వస్తాయి. పాఠం చెప్పాం, వచ్చిందా లేదా చూస్తున్నాం అనుకుంటాం. నిజంగా చూస్తున్నది గైడు ఎంతవరకు కంఠస్థం అయిందన్నదాన్ని. “ఉత్తునకచ్చు పరంబగునపుడు సంధి యగు” అన్న సూత్రాన్ని పొల్లు పోకుండా అప్పగించిన కుర్రవాడు, తన వూరి పేరూ వీధి పేరూ కలిపి పలికినప్పుడు అదే సంధి తన నోట్లో జరుగుతోందని గమనించి వుండడు. పాఠంలోని పద్యానికి ప్రతిపదార్థం తప్పు లేకుండా రాసిన అమ్మాయికి అదే కవి పద్యం మరొకటి ఇస్తే, ఇది సిలబస్‌లో లేదు సార్ అంటుంది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. పరీక్ష ఆమెకు నేర్పింది అదే. పరీక్ష ఎటు వంగితే బోధన అటు వంగుతుంది.

పడమటి దేశాల్లో కూడా దీని గురించి పెద్ద చర్చ జరిగింది. 1961లో రాబర్ట్ లాడో భాషా పరీక్షల మీద రాసిన గ్రంథంలో భాషను ధ్వనులుగా, పదాలుగా, వ్యాకరణాంశాలుగా విడదీసి ఒక్కొక్క అంశాన్నీ విడివిడిగా పరీక్షించే పద్ధతిని వివరించాడు. ఆ సంవత్సరమే జాన్ కారోల్, విడి ముక్కల పరీక్ష మాత్రమే చాలదు, అన్నీ కలిసి పనిచేసే తీరును కూడా చూడాలి అన్నాడు. అంతకు ముందే 1953లో విల్సన్ టేలర్ ఒక పేరాలో లెక్క ప్రకారం మాటలు తీసేసి, ఖాళీలను చదువరి చేత పూరింపించే పద్ధతి కనిపెట్టాడు. ఇది మొదట చదవటానికి ఏ రాత ఎంత సులువో తేల్చటానికి పుట్టి, తర్వాత భాషా పరీక్ష అయింది. నేను దీన్ని మా తరగతిలో తెలుగు పేరాతో ప్రయత్నించాను. ఇంగ్లీషులో ఒక మాట తీసేస్తే ఒక మాటే పోతుంది. తెలుగులో రాకపోయినందువల్ల అన్న ఒక్క మాట తీసేస్తే ఒక వుపవాక్యమే వూడిపోతుంది. విద్యార్థులు తలలు పట్టుకున్నారు. ధాతువును వుంచి ప్రత్యయాల దగ్గర ఖాళీ వదిలితే ఆ పద్ధతి చక్కగా పనిచేసింది. పరీక్షను దిగుమతి చేసుకోవచ్చు గాని, మన భాష ఎముకలను బట్టి దాన్ని మళ్ళీ కుట్టుకోవాలి.

మూడేళ్ళుగా నేను కొత్తగా వచ్చిన తరగతికి మొదటి వారంలో మార్కులు లేని పరీక్ష ఒకటి పెడుతున్నాను. అందులో మూడు పనులు వుంటాయి. ఎప్పుడూ చూడని ఒక పేరా చదివి దాని సారాన్ని నాలుగు వాక్యాల్లో చెప్పాలి. వూరికి కావలసిన ఏదో ఒక పని కోసం తహసీల్దారుకు అర్జీ రాయాలి. ఇంట్లో విన్న కథ ఒకటి ముందు నోటితో చెప్పి, తర్వాత కాగితం మీద పెట్టాలి. పదో తరగతిలో, ఇంటర్‌లో తెలుగులో గొప్ప మార్కులు తెచ్చుకున్నవాళ్ళలో కొందరు ఆ పేరా ముందు బిక్కమొహం వేస్తారు. చదివినదాన్ని మళ్ళీ యథాతథంగా ఎక్కిస్తారు, సారం తియ్యలేరు. పోయినసారి పొగాకు బ్యారన్‌లో పనిచేసే తల్లిదండ్రుల బిడ్డ ఒకామె వచ్చింది. వొత్తులు తప్పులు, దీర్ఘాలు తప్పులు. కాని ఆమె రాసిన అర్జీ చూసి నేను ఆశ్చర్యపోయాను. సమస్య ఏమిటి, ఎప్పటి నుంచి వుంది, ఇంతకు ముందు ఎవరికి చెప్పుకున్నారు, ఇప్పుడు ఏం కావాలి అన్న నాలుగు సంగతులూ ఒకదాని తర్వాత ఒకటి వరసగా, ఒక్క మాట ఎక్కువ లేకుండా వున్నాయి. ఎట్లా వచ్చిందమ్మా ఇది అంటే, “మా పేటలో అందరికీ నేనే రాసిపెడతాను సార్” అంది.

ఆమె ఇంటర్ మార్కుల జాబితా ఆమెకు తెలుగు అంతంత మాత్రమే వచ్చునని చెబుతోంది. నా మార్కులు లేని కాగితం ఆమెకు రచన వచ్చు, వర్ణక్రమం రాదు అని చెప్పింది. ఈ రెండో మాటలో ఆమెకు చెయ్యవలసిన పని ఏమిటో వుంది. మొదటి మాటలో ఆమెను ఎక్కడ నిలబెట్టాలన్నది మాత్రమే వుంది. వొత్తుల సంగతి మూడు నెలల్లో చాలావరకు కుదిరింది. అర్జీ రాసే తెలివిని ఏ గైడూ మూడు నెలల్లో తెచ్చిపెట్టలేదు.

వ్యాసరూప ప్రశ్నలను దిద్దేవాడి ఇష్టాయిష్టాలు శాసిస్తాయి, వాటిని తీసేసి బిట్లు పెడితే న్యాయం జరుగుతుంది అని కొందరు మిత్రులు అంటారు. మొదటి సగం నిజమే. ఫిలిప్ హార్టాగ్, రోడ్స్ అనే ఇద్దరు 1935లో ఇంగ్లండులో ప్రచురించిన పరిశోధనలో, చరిత్ర జవాబుపత్రాలను ఏడాది పైగా గడిచాక మళ్ళీ అదే పరీక్షకుల చేత దిద్దిస్తే, చాలా పత్రాలకు వెనకటి తీర్పే తారుమారైంది. కాని ఈ జబ్బుకు బిట్లు మందు కావు. ఎన్నిసార్లు కొలిచినా ఒకే అంకె రావటం ఒక గుణం. కొలవవలసినదాన్ని కొలవటం మరో గుణం. మొదటిది సంపాదించటం కోసం రెండోదాన్ని అమ్ముకుంటే మనకు మిగిలేది ఖచ్చితమైన అజ్ఞానం. కళాశాల అధ్యాపకుల అర్హతకు పెట్టే నెట్ పరీక్షనే చూడండి. 2012 నుంచి అందులో వివరించి రాసే పత్రం లేదు. అంతా సరైన జవాబు గుర్తించటమే. తెలుగులో ఒక్క వాక్యం రాయకుండానే తెలుగు చెప్పటానికి అర్హత సంపాదించవచ్చు! ఇక ఇంజనీరింగ్ ప్రవేశానికి పెట్టే ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలు వుంటాయి. గణితానికి 80, భౌతికశాస్త్రానికి 40, రసాయనశాస్త్రానికి 40. భాషకు ఒక్కటీ లేదు. ఆ పరీక్ష చుట్టూ తిరిగే ఇంటర్ చదువులో భాషా తరగతి, ఎక్కువ మార్కులు తక్కువ శ్రమతో ఎక్కడ దొరుకుతాయి అన్న లెక్కగా దిగజారిపోయింది. తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లలు మార్కుల కోసం తెలుగు వదిలి సంస్కృతం తీసుకోవటం మనం కళ్ళారా చూస్తున్నాం. సంస్కృతం మీద ప్రేమ పెరిగి కాదు ఇది.

అయితే పరీక్షలే ఎత్తేద్దాం అని వుత్సాహపడే విద్యార్థి మిత్రులు కూడా వున్నారు. వాళ్ళకు ఒక సంగతి గుర్తుచేస్తాను. పరీక్ష లేని చోట సమానత్వం వుండదు, సిఫారసు వుంటుంది. 1855లో పోటీ పరీక్ష వచ్చేదాకా మన దేశాన్ని ఏలిన సివిల్ వుద్యోగాలు కంపెనీ డైరెక్టర్లు తమవాళ్ళకు పంచుకున్నవి. పుట్టుకను అడిగే వ్యవస్థతో పోలిస్తే జ్ఞానాన్ని అడిగే వ్యవస్థ ముందడుగే. కాని ఆ పరీక్షను 1922 దాకా లండనులోనే పెట్టారు. ఓడ ఖర్చు పెట్టుకోలేనివాడికి ఆ సమానత్వం సముద్రానికి అవతల వుండిపోయింది. కాబట్టి పోరాడవలసింది పరీక్ష వుండాలా వద్దా అన్నదాని మీద కాదు. దాన్ని ఎక్కడ పెడుతున్నారు, ఏ భాషలో అడుగుతున్నారు, ఫలితంతో ఏం చేస్తున్నారు అన్నదాని మీద.

చెయ్యదగిన పనులు మన చేతుల్లో కొన్ని వున్నాయి. మొదటిది, ప్రతి ప్రశ్న ఏ శక్తిని కొలుస్తోందో ప్రశ్నపత్రం మీదే రాయాలి. జ్ఞాపకశక్తిని కొలిచే ప్రశ్నకు ఆ పేరే పెడదాం. అప్పుడు పత్రంలో ఎంత భాగం జ్ఞాపకానికి పోతోందో అందరికీ కనిపిస్తుంది. రెండోది, ప్రతి పత్రంలోనూ పాఠ్యపుస్తకంలో లేని వచనం ఒకటి, పద్యం ఒకటి వుండాలి. మూడోది, వినటం, మాట్లాడటం భాషలో సగం. సెమినారు పేరుతో మార్కులు పంచిపెట్టటం మాని, విద్యార్థి చేత నిజంగా మాట్లాడించి చూడాలి. అక్కడ అతని ప్రాంతపు పలుకును దోషంగా ఎంచకూడదు. నాలుగోది, తరగతిలో పెట్టే పరీక్షల కాగితాలు విద్యార్థి చేతికి తిరిగి రావాలి. మార్కు ఒక్కటే వేసి ఇస్తే చాలదు. ఎక్కడ తడబడ్డాడో ఒక వాక్యం రాసి ఇవ్వాలి. డెబ్బై మంది వున్న తరగతిలో ఇది కష్టమేనని నాకు తెలుసు. ఖాళీ అయిన అధ్యాపక పోస్టులు నింపమని అడగటం కూడా అందుచేత పరీక్షా సంస్కరణలో భాగమే. ఆఖరుది, జవాబుపత్రాలు దిద్దే ముందు దిద్దేవాళ్ళంతా కూర్చుని నాలుగు పత్రాలు కలిసి దిద్దాలి. కైకిలి తప్పా ఒప్పా అన్నది ఆ బల్ల దగ్గర బహిరంగంగా తేలాలి గాని, ఒక్కొక్కరి ఎర్రకలం చాటున కాదు.

ఇవేవీ విప్లవాత్మకమైన కోరికలు కావని కొందరు పెదవి విరవవచ్చు. కవిత్వం మీద మనం ఎంత తీవ్రంగా వాదించుకుంటామో పాఠ్యప్రణాళికా సంఘాల సమావేశాల్లో అంత మౌనంగా టీ తాగి లేచివస్తాం. అక్కడ జరిగే నిర్ణయాలు మన కవితా సంపుటాలన్నీ కలిసి చేరలేని ఇళ్ళకు చేరతాయి. గురజాడ తన కాలపు భాషా సమస్యను నాటకంలో, గేయంలో పెట్టి తృప్తిపడలేదు. వ్యాసరచన వుపసంఘంలో కూర్చుని, అధిక సంఖ్యాకుల తీర్మానం కింద సంతకం పెట్టనని చెప్పి, కారణాలన్నీ రాసి ఇచ్చాడు. అటువంటి పత్రాలు రాయవలసిన సమావేశాలు ఈ సంవత్సరం కూడా మన కాలేజీల్లో, విశ్వవిద్యాలయాల్లో జరుగుతాయి. వాటికి వెళ్ళి కూర్చునేది మనమే.